‘మి’ లేని పుస్తకం

బడి లైబ్రరీల్లో కొత్తగా చేరుతున్నవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. పిల్లలు తప్పక చదవాల్సిన పుస్తకాలంటూ ఎవరైనా పెద్దమనిషి మీ చేతిలో ఒక కాగితం పెడితే, అందులో ఆయన చదివినవి ఎన్ని అని అడక్కండి. నేను అడిగాను. తర్వాతి వారమే నా బల్ల కిటికీ పక్కనుంచి మరుగుదొడ్డి గోడ పక్కకి మారింది. గాలీ వెలుతురూ బాగా ఆడటానికని నోటీసులో రాశారు. ఎవరికి ఆడటానికో రాయలేదు.

నాకు మేలు చేసినవాళ్ళు గుర్తుండరని మా ఆవిడ అంటుంది. అది నిజం కాదు. వాళ్ళు తక్కువమంది కాబట్టి గుర్తు పెట్టుకోవడానికి శ్రమ పడక్కర్లేదు, అంతే.

నా ఉద్యోగమంతా బెంగాల్‌లో, ఖిదిర్‌పూర్‌లోని మా తెలుగువాళ్ళ బడిలోనే గడిచింది. తాత శ్రీకాకుళం వైపునుంచి వచ్చి రేవులో మూటలు మోశాడు. నాన్న అదే రేవులో క్రేను కింద నిలబడి జెండా ఊపాడు. నేను పుస్తకాలకి నంబర్లు వేశాను. మూడు తరాల్లో బరువు తగ్గింది గానీ మాటలు పడటం తగ్గలేదు.

మా బడి పిల్లల తెలుగు సంగతి బయటివాళ్ళకి కొంచెం చెప్పాలి. ఇంట్లో తెలుగు, సందులో హిందీ, బజారులో బెంగాలీ, తరగతిలో ఇంగ్లీషు. తెలుగు చదవమంటే అక్షరాలు వస్తాయి, మాటలు రావు. మినీబస్సు కండక్టరు స్టాపుల పేర్లు అరిచినట్టు ఒక్కొక్క అక్షరాన్నీ పిలుస్తారు. చివరికి ఏ ఊరు చేరారో వాళ్ళకే తెలీదు. అందుకే శనివారం చివరి పీరియడు కథల గంటగా ఇమ్మని నేను యాజమాన్యానికి అర్జీలు పెట్టాను. ఒకటి రెండు కాదు. చివరికి నా అర్జీలు చదివే గుమాస్తా విసిగిపోయి, ఆ గంటేదో ఇచ్చేస్తే ఈయన ఊరుకుంటాడు అని సిఫార్సు చేశాడట. నేను ఊరుకోలేదు, అది వేరే సంగతి. గంట మాత్రం వచ్చింది. నా ఉద్యోగంలో నాదని చెప్పుకోడానికి ఆ శనివారపు గంట ఒక్కటే ఉంది.

అది పోయే పరిస్థితి వచ్చింది కాబట్టే ఈ కథ.

నేను రిటైరవడానికి కొంచెం ముందు మా బడి సంఘానికి కొత్త అధ్యక్షుడు వచ్చారు. భవానీపూర్‌లో ఉంటారు. పెద్ద బ్యాంకులో పెద్ద ఆఫీసరుగా చేసి, ఇక్కడే స్థిరపడిన కృష్ణా జిల్లా మనిషి. ఇస్త్రీ మడత చెదరని పంచె, మడత చెదరని తెలుగు. మొదటి సమావేశంలో ఆయన ఏదో అడిగారు. ఆ సమయానికి రేవులో ఓడ కూత పెట్టింది, నాకు వినబడలేదు.

“ఏటండీ?” అన్నాను.

గదిలో అందరూ ఉన్నారు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“లైబ్రేరియన్ గారూ, ఇన్ని పుస్తకాల మధ్య కూర్చునే మనిషి ‘ఏటి’ అంటే ఎలాగండీ? ‘ఏమిటి’ అనండి. మధ్యలో ఒక్క ‘మి’. దాన్ని కూడా మిగుల్చుకుంటే ఎలా?”

అందరూ నవ్వారు. బెంగాలీ పాఠాలు చెప్పే మా దిదికి తెలుగు ముక్క రాదు, ఆవిడ కూడా నవ్వింది. తర్వాత అడిగితే, “అందరూ నవ్వుతుంటే నేనొక్కదాన్నీ ఊరుకుంటే బాగుంటుందా దాదా?” అంది.

ఆ ‘మి’ని నేను ఇంటికి తీసుకుపోయాను. అన్నంలో అది, నిద్రలో అది. మా నాన్న, తాత, వాట్‌గంజ్‌లో మా సందు సందంతా ఆ అక్షరం లేకుండానే బతికింది. రేవులో ఎన్ని ఓడలు దిగాయి! ‘మి’ లేదని ఒక్క మూటైనా ఓడలో ఉండిపోయిందా?

ఇక పుస్తకాల సంగతి. ఈ ఊళ్ళో దుర్గాపూజకి కొత్త బట్టలెంతో కొత్త పుస్తకమూ అంతే. బెంగాలీ పిల్లలకి పూజా సంచికల్లో నవలలు వస్తాయి. మా దిది ఏటేటా ఒక సంచిక నా బల్లమీద పెట్టుకుని, మరమరాలు నములుతూ, “మీ పిల్లలు సెలవుల్లో ఏం చదువుతారు దాదా?” అని అడిగేది. ఆవిడకి జవాబు తెలుసు. అందుకే అడిగేది.

ఆ ఏడాది నేను ఒక అర్జీ పెట్టాను. మా పిల్లలకి కూడా పూజా సెలవులకి తెలుగు నవలలు, చిన్నచిన్న అధ్యాయాలుగా ఉన్నవి, సంఘమే ఎంచి ఇవ్వాలని. అర్జీ ఆమోదించారు. ఎంపికకి ఒక కమిటీ వేశారు. అధ్యక్షులవారు, హెడ్‌మిస్ట్రెస్ గారు, పిల్లల తల్లుల తరఫున ఒక ఐటీ ఆవిడ. హెడ్‌మిస్ట్రెస్ బెంగాలీ ఆవిడ, తెలుగు చదవలేదు. ఐటీ ఆవిడ కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చింది, చదవగలదు గానీ తీరిక లేదు. నా పేరు ఎక్కడుందని వెతికితే నోటీసు అడుగున దొరికింది: “అల్మారా తాళాలు: లైబ్రేరియన్.”

అదే నోటీసులో ఇంకో వాక్యం కూడా ఉంది. శనివారపు గంట వల్ల ప్రయోజనం కనబడటం లేదు కనుక, పూజల తర్వాత పెద్దల ముందు పిల్లలు ఒక పూర్తి నవల చదివి దాని గురించి మాట్లాడగలిగితే గంట ఉంటుంది, లేకపోతే ఆ పీరియడు రోబోలకి ఇవ్వబడుతుంది. రోబోలంటే పిల్లలు తయారుచేసే చక్రాల బొమ్మలు. అవి ఏ భాషలో చదువుతాయో నేను అడగలేదు. అంతకుముందు ఇంకో పట్టిక గురించి అడిగినందుకే బల్ల ఒకసారి మారింది.

విజయవాడ నుంచి పుస్తకాల దుకాణం వాళ్ళు పేర్ల పట్టిక పంపారు. బొమ్మల్లేవు, వివరాల్లేవు, ఉత్త పేర్లు. అధ్యక్షులవారు ఎర్ర పెన్ను పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ పోయారు. మహానుభావుల బాల్యాలు, సత్యం గెలిచిన కథలు, క్రమశిక్షణ గల ఒక చీమ ఆత్మకథ. తాళాల మనిషిగా నేను అల్మారా పక్కన నిలబడి ఉన్నాను కాబట్టి పట్టిక నాకూ కనబడుతోంది. అందులో ఒక పేరు దగ్గర నా కన్ను ఆగింది.

ఏటి కబురు.

మా సందులో పొద్దున్నే పాలపాకెట్లకి వెళ్ళినవాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే మాట అది. “ఏటి కబురు?” “ఏటుంది, మామూలే.” ఆ మాట అచ్చులో, ఒక నవల పేరుగా! నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరో మహారచయిత మా సందు మాటని అట్టమీదికి ఎక్కించాడు.

ఎర్ర పెన్ను కూడా అక్కడే ఆగింది.

“ఇదేమిటండీ ఇది? పిల్లలకి మంచి భాష నేర్పమంటే మాండలికంలో పేర్లా? కుదరదు,” అంటూ కొట్టేశారు.

“కుదరకపోడానికి ఏటుందండీ? మా పిల్లలు మాట్లాడే మాటే కదా,” అన్నాను. కావాలనే అన్నాను.

“చూశారా, ఇందుకే కుదరదన్నాను.”

“మాట్లాడే మాటలో చదివితే తొందరగా చదువుతారు.”

“మాట్లాడే మాట ఇంట్లో ఉండనే ఉంది. పుస్తకం ఎందుకు మరి?”

ఐటీ ఆవిడ ఫోన్‌లోంచి తలెత్తింది. “ఏంది సార్, ఒక్క పుస్తకానికి గింత లొల్లి? ఒకరు ఏమిటి అంటరు, ఒకరు ఏటి అంటరు, మేం ఏంది అంటం. పోరలు చదివితే చాలు కదా.”

ఆ రోజుకి తేలలేదు. తర్వాత నేను ఊరుకున్నానని ఎవరైనా అనుకుంటే వాళ్ళకి నేను తెలియనట్టే. అర్జీల మీద అర్జీలు పెట్టాను. ఉత్తరాంధ్ర మాటకి జరిగిన అవమానమని రాశాను. రేవు కార్మికుల చెమట అని రాశాను. ఒకదాంట్లో తాతగారి మూటలు కూడా వచ్చాయి. ఆ పుస్తకం కోసం పోరాడే పనిలో దాన్నొకసారి తెప్పించుకుని చదివే తీరిక నాకు చిక్కలేదు. అటువైపు ఆయనకీ అంతే, వ్యతిరేకించే పని తక్కువేం కాదు.

చివరికి హెడ్‌మిస్ట్రెస్ గారు తలపట్టుకుని, ఉంచేయండి అన్నారు. ఉంచారు. పిల్లలకి పంచిన నోటీసులో చూద్దును కదా, చీమ ఆత్మకథ కింద ఇలా అచ్చయింది: “ఏమిటి కబురు?”

‘మి’ పెట్టారు. ప్రశ్న గుర్తు కూడా పెట్టారు. ఒకరి పుస్తకం పేరుని దిద్దే హక్కు ఎవరిచ్చారని అడిగితే, “అచ్చుతప్పు సవరించామండీ,” అన్నారు అధ్యక్షులవారు చల్లగా.

దుకాణానికి ఆర్డరు రాసింది మాత్రం నేనే. తాళాల మనిషికి అంతమాత్రం పని ఉంటుంది. ‘మి’ లేకుండా రాశాను.

కట్టలు వచ్చాయి. విప్పితే మా ఇద్దరి నమ్మకాలూ గట్టిపడ్డాయి. అట్టమీద ఒక పిల్ల చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని ఉంది. ఎవరినో “ఏటి?” అని అడుగుతున్నట్టే ఉంది. నేను ఒక ప్రతిని అధ్యక్షులవారికి కనబడేలా బల్లమీద నిలబెట్టాను. ఆయన ఒక చూపు చూసి, “చెవుడు కూడానా,” అని వెళ్ళిపోయారు.

పుస్తకాలు పంచిన శనివారం ఏడో తరగతి పిల్ల ఒకతె నా బల్ల దగ్గరికి వచ్చింది. వాట్‌గంజ్ పిల్లే. తండ్రి రేవులో క్రేను నడుపుతాడు. ఇంట్లో అమ్మమ్మ ఉంది, శ్రీకాకుళం నుంచి వచ్చి ఎన్నేళ్ళైనా బెంగాలీ ఒంటబట్టని మనిషి. ఈ పిల్ల చదువుతుంటే కండక్టరు కేకలు అందరికంటే గట్టిగా వినబడేవి.

“సార్, ఈ బుక్కు మా అమ్మమ్మ మాటాడినట్టుంది. ఇది నాకే ఇచ్చీండి.”

“మిగతావి వద్దా?”

“అవి మీరు మాటాడినట్టు కూడా నేవు సార్.”

ఇచ్చాను. మా పిల్లలందరూ పోటీపడింది దాని కోసమే. ఉన్న ప్రతులన్నీ వెళ్ళిపోయాయి, అట్ట చూపించడానికి నిలబెట్టిన ప్రతితో సహా. మహానుభావులూ చీమా అల్మారాలో మిగిలారు, ఆ తాళం నా దగ్గర ఉంది.

ఇక్కడ మీ ఉద్యోగానికి పనికొచ్చే ముక్క ఒకటి చెబుతాను. పిల్లలు పుస్తకం చదివారో లేదో వాళ్ళని అడక్కండి, పుస్తకాన్ని అడగండి. చదవని పుస్తకం వెన్ను నిటారుగా ఉంటుంది, అధ్యక్షులవారి పంచెలాగ. చదివినదాన్ని బల్లమీద పడేస్తే తనంతట తనే ఏదో ఒక పేజీ దగ్గర తెరుచుకుంటుంది. ఆ పేజీలో కథ పట్టుకుందని అర్థం.

కాళీపూజ అయ్యాక బడి తెరిచారు. ‘ఏటి కబురు’ ప్రతులు వచ్చిన తీరు చూస్తే లైబ్రేరియన్‌గా నాకు గుండె ఆగాలి, మనిషిగా ఆనందం ఆగలేదు. ఒకదానికి అట్ట లేదు. ఒకదాంట్లో పండక్కి వేయించే నిమ్కీ చెక్కల నూనె. ఒకదాంట్లో పూజ పందిరి ముందు రాలిన పారిజాతం ఎండిపోయి ఉంది. ప్రతి ఒక్కటీ బల్లమీద పడగానే తెరుచుకుంది.

“ఎలా ఉంది?” అని ఆ పిల్లనడిగాను.

“భలేగుంది సార్. ఒక పేజీ సదవడానికి ముందర ఒక పూటట్టింది. తరవాత తరవాత మీరనే బస్సు ఆగనేదు.”

“మన మాటలో ఉంటే అంతే మరి!”

పిల్ల ఏదో అనబోయింది. వెనకనున్న పిల్లవాడి కాలు తొక్కింది. వాడు నవ్వు ఆపుకుంటున్నాడు. “అవును సార్,” అంది.

నేను ఆ సంతోషంలో ఏమీ గమనించలేదు. ఆ నెలంతా అధ్యక్షులవారు ఎక్కడ కనబడితే అక్కడ ఆపాను. మెట్లమీద, గేటు దగ్గర, ఒకసారి ఖిదిర్‌పూర్ వంతెనని ఓడ కోసం తెరిచి బస్సులన్నీ ఆగిపోయినప్పుడు ఆయన కారు అద్దం దగ్గర. “చూశారాండీ, మాండలికం బలం! చీమ ఇంకా అల్మారాలోనే ఉంది.” ఆయన అద్దం ఎత్తేశారు. ఏసీ కోసమని అనుకోమంటారా?

“ఆ రోజు చూద్దాం,” అన్నారు అద్దం మూసుకునే లోపు. “అర్థం తెలియకపోయినా పుస్తకాన్ని ఎవరైనా చదువుతారు. మాట్లాడటం వేరు.”

ఆ రోజు రానే వచ్చింది. హాలులో పిల్లలు, తల్లిదండ్రులు, సంఘం పెద్దలు. రోబోలు కొనిపెడతానన్న దాత ముందువరసలో కూర్చున్నాడు. నాకు వేదికమీద కుర్చీ వెయ్యలేదు. మైకు తీగ దగ్గర స్టూలు వేశారు. నా చొక్కా జేబులో మాండలిక గౌరవం మీద ఒక ఉపన్యాసం ఉంది, అందులో తాతగారి మూటలు రెండుసార్లు వస్తాయి. అధ్యక్షులవారి ముందు కూడా మడత కాగితాలున్నాయి. దాంట్లో ఏముందో నాకు చెప్పక్కర్లేదు.

దిది నా పక్కన చేరింది. “దాదా, ఇవాళ ఏమవుతుంది?”

“ఇవాళ ఒక అక్షరం సంగతి తేలుతుంది,” అన్నాను.

“ఒక్క అక్షరమేనా? ఆరే బాబా, నేను టిఫిను కూడా తినకుండా వచ్చాను.”

ఆ పిల్ల మైకు ముందుకొచ్చి పుస్తకం తెరిచింది. తెరవడమేమిటి, అదే తెరుచుకుంది. చదవడం మొదలుపెట్టింది. మొదటి నాలుగు వాక్యాలు కండక్టరు గొంతే. దాత చేతి గడియారం చూసుకున్నాడు. శనివారాలన్నీ నా కళ్ళముందే చక్రాలమీద వెళ్ళిపోతున్నాయి. అయిదో వాక్యం దగ్గర పిల్ల కథలో పడింది. ఆ తర్వాత ఆమె చదువుతున్నట్టు లేదు, చూసింది చెబుతున్నట్టుంది. కొండమీదనుంచి కొట్టుకొచ్చిన చెక్కబొమ్మ ఒకటి ఆ కథలో పిల్లకి దొరుకుతుంది. మర్నాడు ఇంకొకటి. పైన ఎవరో ఉన్నారు, ఏదో చెప్పాలనుకుంటున్నారు. హాలులో వెనక వరసల్లో పిల్లలు పెదాలు కదుపుతున్నారు. వాళ్ళందరికీ అది కంఠతా వచ్చు.

అధ్యాయం అయిపోయింది. చప్పట్లు కొట్టారు. నేను లేచి జేబులో చెయ్యి పెట్టాను. అధ్యక్షులవారు నాకంటే ముందే మైకు అందుకున్నారు.

“బాగా చదివావమ్మా. సంతోషం. ఇప్పుడు మాట్లాడటం. నోటీసులో మేము సరిదిద్దినట్టు ఈ పుస్తకం పేరు ‘ఏమిటి కబురు?’ అవునా? ఇంతకీ ఆ ప్రశ్న ఎవరు అడుగుతారు? ఎవరిని అడుగుతారు?”

పిల్ల ఆయన్ని చూసింది. నన్ను చూసింది. నేను ధైర్యం చెబుతున్నట్టు తల ఊపాను.

“ఎవలూ అడగరండి,” అంది.

“అడగరా? పేరే అదైతే అడక్కుండా ఎలా ఉంటారు?”

“నేనూ అలగే అనుకున్నానండి. ఎవలు అడుగుతారా, ఎవలు అడుగుతారా అని ఆకరి పేజీ దాకా సదివేసినాను. అడగనేదు. మల్లీ మొదట్నించి సదివేను. మద్దిలో ‘ఏటి ఒడ్డున’ అనొచ్చింది. ఏటి ఒడ్డేటి అని అమ్మమ్మనడిగేనండి.” పిల్ల ఆగింది. మళ్ళీ నా వైపు చూసింది. ఈసారి ఆ చూపు నాకు నచ్చలేదు.

“అమ్మమ్మ ఏమంది?”

పిల్ల నడుంమీద చెయ్యి వేసుకుని ముసలమ్మ గొంతు పెట్టింది. “ఏటంటే ఏటేటే పిల్లా? ఏరు కాదేటే!”



ఏరు. ఏటి నీళ్ళు, ఏటి గట్టు, ఏటి కబురు. ఏరు మోసుకొచ్చిన కబురు. చెక్కబొమ్మలు కొట్టుకొచ్చింది ఏట్లో. అట్టమీద పిల్ల ఎవరినీ ఏమీ అడగటం లేదు, ఏటి చప్పుడు వింటోంది.

అది ప్రశ్న కాదు. మాండలికమూ కాదు. మా అధ్యక్షులవారు ఇష్టపడే వ్యాకరణం పుస్తకంలో మొదటి పేజీల్లోనే దొరికే శుద్ధమైన తెలుగు. దాన్ని ఆయన మాండలికమని కొట్టేశారు, నేను మాండలికమని నెత్తిన పెట్టుకున్నాను. నా అర్జీల్లో తాతగారు ఊరికే మూటలు మోశారు.

ముందు నవ్వింది పిల్లలు. ఆ నవ్వు వింటే ఇప్పుడే తెలిసి నవ్వినట్టు లేదు, చాలా రోజులుగా ఆపుకుని ఉన్నట్టుంది. తర్వాత తల్లిదండ్రులు. ఐటీ ఆవిడ నుదురు కొట్టుకుంది. “అయ్యో! మేం వాగు అంటం సార్, నాకూ వెలగలే!” దిది నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. “కీ హోలో దాదా? ఏమైంది? అందరూ ఎందుకు నవ్వుతున్నారు?” అనువాదం చేసే స్థితిలో నేను లేను. ఆవిడ కూడా నవ్వేసింది.

హెడ్‌మిస్ట్రెస్ గారికి ఎవరో చెవిలో చెప్పారు. ఆవిడ లేచి, పిల్లల్లో ఈ పుస్తకం మొత్తం చదివినవాళ్ళు చెయ్యెత్తమన్నారు. వెనక వరసలన్నీ లేచాయి. ఆవిడ దాత వైపు తిరిగి బెంగాలీలో అన్నారు: “ఒక్క మాటకి అర్థం తెలుసుకోవడానికి మొత్తం పుస్తకం రెండుసార్లు చదివే పిల్లల గంట తీసేస్తే నాకు పాపం తగులుతుంది. రోబోలకి ఇంకో రోజు చూద్దాం.”

గంట నిలబడింది.

మీరు ఇక్కడితో నాకు తృప్తి కలిగిందనుకుంటారు. వినండి.

అధ్యక్షులవారు నవ్వులు తగ్గేదాకా ఆగారు. ముందున్న కాగితాలు మడిచి లోపల పెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. “చూశారా! ‘ఏరు’ శబ్దానికి ‘ఏటి’ అన్నది ఔపవిభక్తికం. ఇలాంటి ప్రౌఢ ప్రయోగాన్ని పిల్లలు తమంతట తాము ఛేదించగలరా అన్నదే మా కమిటీ పెట్టిన పరీక్ష. నోటీసులో పేరు మార్చి ఇచ్చింది కూడా అందుకే. పిల్లలు నెగ్గారు.”

మళ్ళీ చప్పట్లు. ఆ చప్పట్లలో నా స్టూలుని ఎవరో తీసుకుపోయారు, దాతగారి డ్రైవరు కూర్చోడానికి.

మరుసటి ఏడాది పూజల నోటీసులో మొదటి పుస్తకం అదే. “అధ్యక్షులవారి ప్రత్యేక సిఫార్సు” అని పక్కన ఉంది. పేరులో ‘మి’ లేదు. అడుగున తాళాలు, వాటి పక్కన నేను, మామూలే.

ఆ పిల్లని మాత్రం తర్వాతి శనివారమే నిలదీశాను. “నీకు పూజల్లోనే తెలుసు కదా. నాకెందుకు చెప్పలేదు?”

కాలి బొటనవేలితో నేల గీకింది. “అందరికీ తెలుసు సార్. నేనే సెప్పొద్దన్నాను. మీరు మన మాట బుక్కుమీద పడిందని అంత కుశీగా ఉన్నారు కదా. మనసు కష్టపెట్టుకుంటారని.”

అధ్యక్షుడు అవమానిస్తే అర్జీ పెట్టొచ్చు. ఏడో తరగతి పిల్ల జాలిపడితే ఎవరికి పెట్టుకోను? తరగతి మొత్తం కూడబలుక్కుని నా సంతోషాన్ని ఒక నెలపాటు కాపాడింది. నా మీద ఇంత కుట్ర ఎప్పుడూ జరగలేదు. ఆ పిల్లకి ఆ రోజు నేను అల్మారా తాళం ఇచ్చి, నీకు కావలసినవి నువ్వే తీసుకో అన్నాను. చీమని తప్ప అన్నీ తీసింది.

నేను రిటైరైన రోజు శాలువా కప్పారు. పొట్టిది. జ్ఞాపికమీద నా ఇంటిపేరు తప్పు. ఇవన్నీ రాసి పంపాను, జవాబు రాలేదు. సభ అయ్యాక మెట్లు దిగుతుంటే అధ్యక్షులవారు వెనకనుంచి వచ్చి కలిశారు. మేమిద్దరమే. కింద సందులో ట్రక్కుల హారన్లు.

“ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి,” అన్నారు. “ఆ పుస్తకం చదివే మీరు అన్ని అర్జీలు పెట్టారా?”

“మీరు చదివే కొట్టేశారా?”

ఆయన రెండు మెట్లు దిగారు. పంచె కుచ్చెళ్ళు పట్టుకుని, గేటు వైపు చూస్తూ, పెద్దగా నిట్టూర్చారు.

“ఏటి చేస్తాం!”

హారన్లు మోగుతున్నాయి, నిజమే. అయినా నాకు బాగానే వినబడింది. మధ్యలో ‘మి’ లేదు.

అది నోరు జారి వచ్చిందో, కావాలని అన్నారో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. వేళాకోళమైతే నా లెక్కలో ఇంకొకటి చేరింది. క్షమాపణైతే, అంత చిన్నది నేను పుచ్చుకోను. ఒకవేళ అదీ ఇదీ కాక, ఆయన నిజంగా నన్నేదో అడిగి ఉంటే మాత్రం ఆ రోజు నేను జవాబు చెప్పకుండా వచ్చేశాను. అందుకని ఆయనింకా నామీద మనసులో పెట్టుకునే ఉంటారని నా ఆశ.